టుగెదర్‌తో ఒక్క వాక్యం

చింతపండు గింజ తీస్తూ తీస్తూ వరహాలమ్మ ఆగి, చేతులు కొంగుకు తుడుచుకుని మళ్లీ నోటుబుక్కు తెరిచింది. కిరందుల్ ఇనుపగని క్వార్టర్లలోని ఆడవాళ్లకు ఇంగ్లీషు నేర్పే మీనా నిన్న బోర్డు మీద టుగెదర్ అని రాసింది. "అంటే కలిసి. ఇద్దరూ ఒక్క పని ఒక్కసారే చేస్తేనే వాడాలి ఆంటీ. మీ ఇంటి సంగతే, నిజమైంది రాసుకురండి. రేపు అందరి ముందూ చదవాలి" అంది.

అక్కడే వచ్చింది చిక్కంతా. వరహాలమ్మ ముప్పై ఏళ్ల కాపురం తిరగేసింది. దంతెవాడ గుడికి వెళ్లారా అంటే వెళ్లారు. ఆయన ముందు, పిల్లనెత్తుకుని చెప్పుల సంచీతో ఈవిడ వెనక. సినిమాకీ వెళ్లారు, పిల్ల ఏడిస్తే సగం సినిమా ఈవిడ వరండాలోనే గడిపింది. ఇక తిండంటారా, ఆయన తిని లేచాక అదే కంచంలో ఈవిడ తినాలి. పెళ్లయిన మర్నాడే అత్తగారు అంది కదా, "మగాడు లేవకుండానే కంచం ముందు కూర్చుంటావా? ఏం పెంపకమే!" అని.

గనిలో డ్యూటీకి బూట్లు వేసుకుంటూ చక్రధరరావు పుస్తకంలోకి తొంగిచూశాడు. "దీనికింత ఆలోచనేంటే? మా ఆయనా నేనూ టుగెదర్ అన్నం తింటాం అని రాసెయ్."

"మనమెప్పుడు తిన్నామండీ?"

"అక్కడెవరొచ్చి చూస్తారే, నీ పిచ్చిగానీ!" అనేసి వెళ్లిపోయాడు.

నిజమే, మీనా టిక్కు కూడా పెడుతుంది. కానీ పెన్ను కదల్లేదు.

"ఏందమ్మా, ఇయ్యాల చెయ్యి ఆడ్తలేదు?" బయట మెట్టు మీద చింతపండు ఒలుస్తున్న కోయ ఆడమనిషి కోసి నవ్వింది. పదకొండేళ్లుగా ఎండాకాలం రాగానే వాళ్ల ఊరి నుంచి చింతపండు తెచ్చి, ఈవిడతో కూర్చుని గింజ తీసిపెట్టి పోతుంది.

వరహాలమ్మకు ప్రాణం లేచొచ్చింది. కోసీ నేనూ టుగెదర్... అని మొదలుపెట్టి తలెత్తింది. గడపకివతల తను, అవతల కోసి. కిటికీలో బోర్లించి, కోసికని విడిగా ఉంచిన గ్లాసు. దాన్ని అక్కడ పెట్టింది తనే.

రాసింది కొట్టేసింది.

లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆయన ఎంగిలి కంచం ఈవిడ కోసం ఎదురుచూస్తోంది. ఆ ఇంట్లో ఆయనకో కంచం, పిల్లలకో కంచం, కోసికి కూడా ఓ గ్లాసు ఉన్నాయి; ఈవిడకంటూ ఒక్కటీ లేదు. ఆ కంచాన్ని తొట్లో పడేసి, అటక మీంచి చుట్టాల పళ్లాలు రెండు దింపింది. రెండింట్లోనూ అన్నం పెట్టి, గడప దాటి, మెట్టు మీద కోసి పక్కన కూర్చుంది.

కోసి కంగారుపడింది. "ఈ పళ్లాలేందమ్మా? సుట్టాలొస్తుండ్రా?"

"లేదే. ముందు తిందాం. రాయడం తర్వాత."