వెనక రెండు రాకర్లు

షెడ్డు మేస్త్రీకి ఉన్న పేరంతా ఆయన చెవి తెచ్చిపెట్టిందే. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ వాల్వు అల్లరి చేస్తోందో ఇట్టే చెప్పేస్తాడని అందరూ అనేవారు. ఇప్పుడా చెవే ఆయన కొంప ముంచుతోంది. సన్నటి చప్పుళ్లు ఒక్కొక్కటే వినిపించడం మానేశాయి. ఆ సంగతి బయటపడితే ఇక షెడ్డు మొహం చూసేదెవరని బెంగ. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు మహానుభావుడు!

ఆ పొద్దున బావమరిది తన పాత వ్యాను తెచ్చి ఆపాడు. అతను భార్యకి తమ్ముడు, మేస్త్రీ చెల్లెలికి మొగుడు. సామాన్లు తోలే ఆ బండే అతనికి తిండి పెడుతోంది.

"బావా, ఇంజను పైన టకటకమని ఒకటే గోల! వాల్వుల సందు సరిచేసే ట్యాపెట్లు బిగిస్తే పోతుందన్నాడు ఇంకో మెకానిక్కు," అని అరిచాడు.

"వాడి మొహం! సందు లేకుండా బిగిస్తే చప్పుడు పోతుంది, దాని వెనకే వాల్వూ కాలిపోతుంది," అంటూ మేస్త్రీ బింకంగా స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ముందు ఆనించాడు, వెనక ఆనించాడు. ఇంజను గుర్రు తప్ప ఏమీ వినపడలేదు.

అప్పుడే టీ గ్లాసులతో వచ్చిన భార్య ఆయన మొహం చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం చదవడం ఆమెకి కొత్తా? గ్లాసులు బల్ల మీద పెట్టి, చొక్కాకున్న దుమ్ము దులుపుతున్నట్టు ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఇంజను కొట్టుకుంటున్నట్టే చూపుడువేలితో టకటకా కొట్టింది. తమ్ముడు యాక్సిలరేటరు తొక్కాడు. పాపం, ఆ వేగాన్ని ఆమె వేలు అందుకోలేకపోయింది.

అంటే ఈవిడకి ఎప్పుడో తెలుసన్నమాట! మేస్త్రీకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"పై మూత విప్పరా," అన్నాడు సిగ్గు దాచుకుంటూ.

మూత తీసి ఇంజను నెమ్మదిగా నడిపిస్తే ఇక చెవితో పనేముంది? కళ్లున్నాయి, వేళ్లున్నాయి. వాల్వుల్ని నొక్కే రాకర్లలో ముందువి ఆయిల్లో నిగనిగలాడుతున్నాయి. వెనక రెండూ పొడిగా ఉన్నాయి. స్టీరింగు ముందున్న ఆయిల్ హెచ్చరిక దీపం వెలగడం లేదు కాబట్టి పంపు బాగానే ఉంది, ఆయిల్ పైకెక్కే దారిలోనే ఏదో అడ్డుపడింది. ఇంజను ఆపి, రాకర్లని మోసే బోలు కడ్డీ ఊడదీశాడు. లోపల నల్లటి మడ్డి గడ్డకట్టి కూర్చుంది.

"ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందిరా?"

"మారుద్దామనే అనుకుంటున్నా బావా..."

"అనుకుంటూనే ఉండు!"

తీగతో పొడిచి, కడిగి, కొత్త ఆయిల్ పోసి, సందులు కొలిచి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. మళ్లీ స్టార్టు చేశారు. కాసేపటికి వెనక రెండు రాకర్ల మీదా ఆయిల్ తళతళలాడుతూ పొంగింది. భార్య మళ్లీ వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. ఈసారి వేలు కదల్లేదు.

"పోయింది చూశావా" అని మీసం తిప్పితే సరిపోయేది. కానీ ఆ చెయ్యి వెచ్చగా తగులుతుంటే ఆయనకి అబద్ధం నోట రాలేదు.

"పోయిందో లేదో మీ అక్కనడుగు. నాకు వినపడదురా."

బావమరిది ఇంజను ఆపాడు.

"తెలుసు బావా!" అన్నాడు, ఇంజను ఆగిపోయినా అరుస్తూనే. "నిరుటి నుంచీ నీతో ఇలాగే అరిచి మాట్లాడుతున్నానా, ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. నీ చెల్లెలు రోజూ నన్ను తిట్టిపోస్తోంది!"

"మరి తెలిసీ బండి నా దగ్గరికెందుకు తెచ్చావ్?"

"ఇంకెవరైనా అయితే బిగించి పంపేసేవాళ్లు కదా!"

మేస్త్రీకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఎవరూ ముట్టని టీ గ్లాసులు తీస్తూ భార్య ఆయన చెవి దగ్గరికి వంగింది.

"రేపు పొద్దున్నే చెవి డాక్టరు దగ్గరికి. వినపడిందా?"

"వినపడిందే," అన్నాడాయన.