పొట్టి గొంతు రైఫిల్

వేట సీజన్‌కి అదే ఆఖరి రోజు. జూడిత్ కొండల కింద, ముళ్లకంచె పక్కన, నేనూ మా ఆయన వెండెల్ మంచులో బోర్లా పడుకుని ఉన్నాం. ఎల్క్ దుప్పి ఒక్కటీ కనపడలేదు. కుదురుగా ఉండటమనేది నాకు పుట్టుకతోనే రాలేదు.

“కదలకు లోర్నా.”

“కదలట్లేదు.”

“మరి టకటకా కొట్టుకునే ఆ బూటు ఎవరిది?”

నా తొందర నాది. పట్నంలో వృద్ధాశ్రమంలో ఉన్న మా నాన్న ఆస్మండ్ కిందటి ఆదివారం కూడా అదే అడిగాడు, “నా రైఫిల్ మాంసం తెచ్చిందా?” అని. ఆయన గుండె ఇంకో సీజన్ దాకా ఆగదని డాక్టరమ్మ నాతో చెప్పింది. ఆయనతో ఎవరూ చెప్పలేదు గానీ ఆయనకీ తెలుసు. ఈసారి మాంసం తినిపించకపోతే ఇక తినిపించేది లేదు.

వసంతంలో రైఫిల్ నా చేతికిస్తూ ఒకటే షరతు పెట్టాడు. అల్లుడి చెయ్యి దానిమీద పడకూడదు. ఎప్పుడో వెండెల్ ఆయన ట్రక్కు బాగుచేస్తానని ఇంజను విప్పి, మళ్లీ బిగించలేక బకెట్లలో తెచ్చిచ్చాడు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

నేనూ ఆ మాట మొండిగా నిలబెట్టాను. కానీ తూటాలు తయారుచేసేది వెండెలే. గ్యారేజీలో సీసం కరిగించి గుండ్లు పోతపోస్తాడు, ఇత్తడి కేసుల్లో తుపాకిమందు నింపి వాటిమీద గుండు కూర్చుతాడు. “ఒక్కసారి మీ నాన్న రైఫిల్లో పెట్టి చూడనీ,” అని బతిమాలాడు. “నీ దాంట్లో పడితే దాంట్లోనూ పడుతుంది, రెండూ ఒకే సైజు,” అని కసిరాను.

సైజు ఒకటే, గొంతు ఒకటి కాదు. వెండెల్ రైఫిల్ కాల్చీ కాల్చీ అరిగి, గొట్టం మొదట్లో గుండు ముక్కు పట్టే ఆ గొంతు పొడుగైంది. గుండు కేసులోంచి ఎంత పైకి పొడుచుకొచ్చినా హాయిగా లోపలికి పోతుంది. నాన్నది పొట్టి గొంతు. చిన్నప్పుడు వంటగది బల్ల దగ్గర చూసేదాన్ని. గుండు ముక్కుకి కొవ్వొత్తి మసి పట్టించి, రైఫిల్లో పెట్టి తీసి, లోపలి గాడులు మసిమీద గీత పెట్టాయేమో చూసేవాడు. గీత పడితే గుండుని వెంట్రుకవాసి కేసులోకి నొక్కేవాడు. మళ్లీ మసి, మళ్లీ చూపు. ఆ నిదానానికి నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ పొద్దున తూటా పెట్టి, దాన్ని లోపలికి నెట్టే బోల్టు మూస్తే సగంలో మొరాయించింది. అరచేత్తో గట్టిగా తోశాను. పడింది. బిగువుగా ఉంటే మంచిదే అనుకున్నాను.

“అవి ఇక్కడికి రావు. కంచె దాటి ఆ గట్టు వెనక్కి పోదాం,” అన్నాను.

“అడుగుజాడలు ఇటే ఉన్నాయి. వస్తాయి, పడుకో.”

“నువ్వు పడుకో, వేళ్లు పాతుకునేదాకా.”

కంచె దాటాలంటే రైఫిల్ ఖాళీ చేయాలి. గొట్టం మంచువైపు తిప్పి బోల్టు లాగాను. ఇత్తడి కేసు ఒక్కటే వచ్చింది. మందు ఆవాల్లా బోల్టు సందుల్లోకి, నా చేతితొడుగుల మీదికి జలజలా రాలింది. గుండు లోపలే ఇరుక్కుపోయింది.

నా చెయ్యి అప్పుడే ఇంకో తూటా కోసం జేబులోకి పోయింది. వెండెల్ నా మణికట్టు పట్టుకున్నాడు.

“పెట్టకు. దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం బద్దలై నీ మొహం మీదికొస్తుంది. ఊచతో కొట్టి తీయాలి.”

“ఊచేది?”

“ట్రక్కులో.”

ట్రక్కు మైలు దూరంలో ఉంది. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. సరిగ్గా అప్పుడే వచ్చాయి, వెండెల్ చెప్పిన జాడ వెంబడే, నాలుగు. ముందున్న ఆడ ఎల్క్ పక్కకి తిరిగి నిలబడింది.

వెండెల్ తన రైఫిల్ నా ముందుకు జరిపాడు.

“నాన్న తన రైఫిల్‌తోనే కావాలన్నాడు కదా.”

“మాంసం ఆయన తినాలా, రైఫిల్ తినాలా?”

కాల్చాను. పడింది. కత్తి తీసుకుని దానివైపు నడిచాను.

ఆదివారం వృద్ధాశ్రమం వంటింట్లో ఉల్లిపాయలతో వెన్నలో వేయించి పళ్లెంలో పెట్టాం. నాన్న కళ్లు మూసుకుని నమిలాడు. బల్ల కింద నా మోకాలు ఆగట్లేదు.

“నా రైఫిలేనా?”

నేను ఆయన పళ్లెంలో ఇంకో ముక్క వేశాను.

“మీదే మావగారూ,” అన్నాడు వెండెల్. “ఒకటే దెబ్బ.”

ఇన్నేళ్లు ఆయన చేత మాటలు పడ్డ మనిషి, తనకి రావాల్సిన ఒక్క మెప్పునీ ఆయన పళ్లెంలో వడ్డించేశాడు. వెండెల్ మీద నాకు అంత ప్రేమ పెళ్లినాడు కూడా కలగలేదు.

నాన్న చెయ్యి చాపాడు. “మిగిలిన తూటా ఒకటి చూపించు.”

నా కోటు జేబులోనే ఉంది. ఇచ్చాను. గుండు ఎంత పొడుచుకొచ్చిందో బొటనవేలితో కొలిచాడు.

“బోల్టు అరచేత్తో తోశావా?”

“తోశాను.”

“తీస్తే మందు రాలిందా?”

“రాలింది,” అన్నాను.

“మొదటి ఏడాది నాకూ రాలింది. మీ అమ్మ చూస్తుండగా.” నవ్వబోయి దగ్గాడు. ఇంకో ముక్క నోట్లో వేసుకుని, అల్లుడి మొహంలోకి సూటిగా చూస్తూ నిదానంగా నమిలాడు.

“బాగుంది,” అన్నాడు వెండెల్‌తో. తర్వాత నావైపు తిరిగాడు.

“రైఫిల్ అతనికియ్యి. కొవ్వొత్తి కూడా.”