మూడో కిటికీ అద్దం

నాలుగో కిటికీ దగ్గరికి వచ్చేసరికే పాత బనియను గుడ్డ జిడ్డోడిపోయింది. వ్యాన్ డ్రైవరు దాన్ని బకెట్లో జాడించి, పిండి, మళ్ళీ అద్దానికేసి రుద్దాడు. తెల్లవారుజామున ఐదున్నరకే మొదలయ్యే బడి పిల్లల్ని దించి వచ్చాక రోజూ ఇదే పని. ఎక్కీ ఎక్కగానే వాళ్ళు అద్దాలకు తలలు వాల్చి నిద్రపోతారు. తలనూనె మరకలు పదకొండు. అదే తొమ్మిదింటి బడి పిల్లలైతే అద్దం మీద ఊపిరి ఊది బొమ్మలు గీస్తారు. ఏ బడి ఎలాంటిదో అతనికి ఆ గుడ్డే చెప్పింది. బడిలో చదివింది ఏడో తరగతి వరకే అయినా, ఈ చదువు మాత్రం పద్నాలుగేళ్ళది.

పదో తరగతి ముగిసిన కూతుర్ని పదకొండుకు ఏ బడిలో వెయ్యాలో ఈ మధ్యాహ్నంలోగా తేలిపోవాలి. అతను ఇంట్లోకొచ్చి కూర్చున్నాడు, లేచాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ లేచాడు.

"తొమ్మిదింటి బడే. నాలుగింటికల్లా ఇంట్లో ఉంటుంది."

"ఉంటుంది. ఉండి మీతోపాటు అద్దాలు తుడుస్తుంది," అంది భార్య గరిట ఆపకుండా. "ఏడుతోనే బడికి దండం పెట్టినవాళ్ళా బళ్ళ గురించి చెప్పేది?"

"నేను పెట్టలేదు. మా నాన్న పెట్టించాడు." అతని గొంతు కాస్త బిరుసెక్కింది. "ఆ ఐదున్నర పిల్లలు చదవడం నేనెప్పుడూ చూళ్ళేదు. నిద్రపోవడమే చూశాను."

కూతురు రెండు టైంటేబుళ్ళూ ఒళ్ళో పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీస్తోంది. "వ్యాన్‌లో ఐదున్నర బడికి పోనూ రానూ ఎంతసేపు నాన్నా?"

"రెండున్నర గంటలు. అందుకేగా మొత్తుకునేది."

"నిజమే. నిద్ర చాలదు." ఆ బడి దరఖాస్తు తీసి, అందులో ఒక గడి దగ్గర సున్నా చుట్టింది. "హాస్టల్లో ఉంటే ఆ రెండున్నర గంటలూ మిగులుతాయి. పక్క మీదే పడుకుంటా."

గరిట ఆగింది. అలాంటి గడి ఒకటి ఉందని అతను చూడనే లేదు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది. భార్య మాటే నెగ్గింది గానీ, ఆమె ముఖంలో ఆ కళే లేదు. అతను తాళాలు జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ వేసుకున్నాడు.

హాస్టల్లో చేరడానికి అదే ఆఖరి రోజు; భోజనాలయ్యాక కూతురి పెట్టె వ్యాను ఎక్కించాడు. తల్లి గుమ్మంలోనే ఉండిపోయింది. రాత్రంతా మేలుకున్నదేమో, మలుపు తిరగకుండానే పిల్ల మూడో కిటికీకి తల వాల్చింది. అతను ఒక్క గతుకూ తగలకుండా నడిపాడు. పద్నాలుగేళ్ళలో ఎవరికోసమూ అలా నడపలేదు.

గేటు దగ్గర "బాగా చదువుకో" అనబోయి, "బాగా పడుకో" అన్నాడు.

"నువ్వూ నాన్నా," అని పెట్టె తనే మోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

తొమ్మిదింటి బడి ముందు బండి ఆపేసరికి నాలుగు గంటలు ఇంకా కొట్టలేదు. ఊరికే కూర్చోలేక బకెట్ తీశాడు. శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్ళీ తుడిచాడు. మూడోదాని దగ్గరికొచ్చాక గుడ్డ పిండి, మడిచి, బకెట్ అంచు మీద ఆరేశాడు.

అద్దం మీద, మిగతావాళ్ళు తల వాల్చే చోటికంటే జానెడు కిందగా, పన్నెండో మరక ఎండకు మెరుస్తూ ఉంది.