బోలెస్లావ్ వేసిన పైపులు

బఫెలో నగరంలో మంచు మొదలైందంటే జెనాన్ పావ్లాక్ ఇంటి ముందుగది వెచ్చబడడానికి రెండు గంటలు పట్టేది. కింద నేలమాళిగలో ఆవిరి బాయిలర్ అంటుకోగానే వంటగదిలో ఉక్కపోసేది, మేడమీద కిటికీ తెరవాల్సి వచ్చేది, ముందుగదిలో ఆవిరితో కాగాల్సిన రేడియేటర్ మాత్రం ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. కిందటేడు క్రిస్మస్ ముందురోజు విందుకి వచ్చిన పద్నాలుగు మందీ ఆ గదిలో కోట్లు విప్పకుండానే తిన్నారు.

కారణం జెనాన్ నాలుక చివరే ఉండేది. "మీ నాన్న కట్టిన కొక్కేలు వదులయ్యాయి లొరెయిన్. పైపు కుంగిపోయింది. వాలు లేకపోతే ఆవిరి ఎలా వస్తుంది?"

అతని భార్య లొరెయిన్ తండ్రి బోలెస్లావ్ రైల్వే షెడ్డులో ఆవిరి పైపుల మేస్త్రీ. ఈ ఇంటి పైపులన్నీ తన చేత్తో వేశాడు. ఆయన పోయి పాతికేళ్లయింది. పోయినవాడు లేచొచ్చి ఎదురు చెప్పడు కనుక జెనాన్‌కి మావగారి మీద నోరు బాగా లేచేది. లొరెయిన్ ఆ మాట నమ్మింది. విందుకి వచ్చినవాళ్ళకి శాలువాలు అందిస్తూ, "ఏమీ అనుకోకండి, మా నాన్న ఈ గది పైపు గట్టిగా బిగించలేదు" అని ఏటేటా తండ్రి తరఫున క్షమాపణ చెప్పుకునేది. చెప్పిన ప్రతిసారీ ఆమె మొహం ఎర్రబడేది. పక్కనే జెనాన్ పెద్దమనిషిలా తలూపేవాడు.

ఈ డిసెంబరులో చెల్లెలు బెర్నాడెట్ ఫోన్ చేసింది. "అక్కా, ఈసారి విందు మా ఇంట్లో పెట్టుకుందామే. నాన్న ఇల్లే, కాదన్నానా? పోయినేడు పులుసు తాగుతుంటే చెంచా నా పళ్ళకి టకటకా కొట్టుకుంది."

లొరెయిన్ ఫోన్ పెట్టేసి మొగుడి ముందుకొచ్చి నిలబడింది. "పదిరోజులు. ఈలోగా గది వెచ్చబడలేదో, విందు బెర్నాడెట్ ఇంటికి పోతుంది. ఒకసారి పోయిందంటే మళ్ళీ రాదు. మా నాన్న చేసిన బల్ల దగ్గర ఇంక మనమిద్దరమే మొహాలు చూసుకుంటూ కూర్చోవాలి."

"నేనున్నాగా" అన్నాడు జెనాన్. ఆమె భయం కూడా అదే.

జెనాన్ ముప్పై ఏళ్లు తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టి రిటైరయ్యాడు. ఆ చెయ్యి ఊరుకోదు. ఏది బాగుచేసినా నల్ల సిరా కలంతో తన పొడి అక్షరాలూ తారీఖూ రాసేవాడు. ఆ ఇంట్లో అతను బాగుచేశాక పనిచేసిన వస్తువు లేదు గాని, సంతకం లేని వస్తువు కూడా లేదు.

మొదట బాయిలర్ ప్రెషర్ పెంచాడు. "ఆవిరికి దమ్ము చాలడం లేదు, అంతే." పైపులు కమ్మరి కొలిమిలా మోగాయి. వంటగది రేడియేటర్ గోడ కాగితం మీద నీళ్లు ఉమ్మింది. ముందుగది చలనం లేకుండా ఉంది. తర్వాత రేడియేటర్ కాళ్ళ కింద చెక్కముక్కలు దోపి, రెంటి మీదా సంతకం చేశాడు. ఆపైన దాని తిరుగుడు చక్రాన్ని సగమే తెరిచాడు. లోపల నీళ్లు గుడగుడమని కార్పెట్ మీద మడుగు కట్టాయి. దాని మీద సంతకం పెట్టడం కుదరలేదు.

ఆరోరోజు లొరెయిన్ అతనితో చెప్పకుండా డూగన్ వాళ్ళమ్మాయి మేవ్‌ని పిలిచింది. మేవ్‌కి యాభై దాటినా ఆ పేటలో అందరికీ ఇంకా డూగన్ వాళ్ళమ్మాయే. తండ్రి దగ్గర నేర్చుకుని ఆవిరి పని తప్ప ఇంకోటి ముట్టదు. ఆమె నేలమాళిగలోకి దిగుతుంటే జెనాన్ వెనకే పాఠం చెబుతూ దిగాడు. ఆమె విన్నట్టే విని, ముందు ప్రెషర్ అడుగుకి దించేసింది.

"పావ్లాక్ గారూ, ఇది ఇల్లా, రైలింజనా?"

తర్వాత పెద్ద పైపు పొడవునా రసమట్టం పెట్టి చూసింది. చివరికంటా నడిచింది. "ఎవరు వేశారండీ ఇది?"

"మా నాన్న." లొరెయిన్ గొంతు చిన్నబోయింది. "కొక్కేలు..."

"ఏ కొక్కెమూ వెంట్రుకవాసి కదల్లేదమ్మా. ఈ పేటలో ఇంత చక్కటి వాలు నేను చూళ్ళేదు. ఆ చేతికి దణ్ణం పెట్టాలి."

లొరెయిన్ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. జెనాన్ బాయిలర్ వైపు చూశాడు.

మేవ్ టార్చి వేసింది. "ఇదిగో దీని జబ్బు. పైపులో గాలి బయటికి పోతేనే కదా ఆవిరి ముందుకొచ్చేది? దానికి ఇక్కడో గాలి కవాటం ఉండాలి. ఎవరో మహానుభావుడు అది పీకేసి బిరడా కొట్టాడు. గాలికి దారి లేదు, ఆవిరికి చోటు లేదు. ఎవరి పని ఇది?"

టీవీ ఒకప్పుడు ఈ నేలమాళిగలోనే ఉండేది. ఆదివారం ఫుట్‌బాల్ చూస్తుంటే నెత్తిమీద ఆ కవాటం ఒకటే బుస. అరగంటలో జెనాన్ దాని నోరు మూయించాడు. ఆ సాయంత్రం ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తే.

"ఇంకెవరు, మావగారే" అన్నాడు. "ఆయనకి బుస పడేది కాదు."

మేవ్ బిరడా మీద దుమ్ము బొటనవేలితో తుడిచింది. "ఏదో రాసుందే. జె.పా., అక్టోబర్ 1984."

"మా నాన్న పోయింది ఎనభై ఒకటిలో" అంది లొరెయిన్.

"మర్చిపోయానే..."

"పేరు రాసుకోవడం మర్చిపోలేదుగా."

మేవ్ ఇద్దరి మధ్య నుంచీ వంగి పనిముట్ల సంచీ తెరిచింది. బిరడా ఊడదీసి, ఒకటి కాదు, రెండు కవాటాలు బిగించింది. బాయిలర్ వెలిగించాక పావుగంటకే ముందుగది రేడియేటర్ చెయ్యి పెట్టలేనంత కాలింది. లొరెయిన్ దాని పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుంది. ఏడ్చిందో లేదో జెనాన్ కనుక్కోలేదు.

ఆ తర్వాత ఆమె ఆ ఊసే ఎత్తలేదు. వేళకి కాఫీ ఇచ్చింది. జెనాన్ దాన్ని క్షమించడం అనుకున్నాడు. మూడోరోజుకల్లా పొరుగాయనతో, "మొత్తానికి లోపం పట్టేశాం" అంటున్నాడు.

విందు ఆ ఇంట్లోనే జరిగింది. పద్నాలుగు మందీ కోట్లు విప్పారు. బెర్నాడెట్ స్వెటర్ కూడా తీసేసి, "బావా, ఏం మంత్రం వేశావ్?" అంది. జెనాన్ పెద్దమనిషిలా నవ్వాడు. తొలి చుక్క పొడిచాక, తాతల నాటి ఆనవాయితీగా అందరూ లేచి, కాగితమంత పల్చని పండగ అప్పాలు పట్టుకుని, ఒకరిది ఒకరు విరుచుకుంటూ శుభం కోరుకుంటూ, ఏడాదిలో చేసిన తప్పులకి క్షమాపణ అడుగుతున్నారు. ముక్క విరుచుకుంటే మన్నించినట్టే. జెనాన్ తన అప్పం భార్య ముందు చాపాడు. "ఆరోగ్యంగా ఉండు లొరెయిన్. తప్పులుంటే మన్నించు."

ఆమె విరవలేదు. "నాకు కాదు. అక్కడ చెప్పు."

రాని అతిథి కోసం ఏటా వడ్డించే ఖాళీ కంచం ఈసారి బల్ల కొసన, బోలెస్లావ్ కూర్చునే కుర్చీ ముందుంది. జెనాన్ కుర్చీ వైపు తిరిగి ఏదో గొణిగాడు.

"వినపడలేదు" అంది లొరెయిన్. "ఇరవై రెండేళ్లు నేను ఇదే గదిలో గట్టిగా చెప్పాను."

అతని మెడ మీద చెమట పట్టింది. గది అంత వెచ్చగా ఉంది.

"మావయ్యా, పైపులో తప్పేమీ లేదు. బిరడా కొట్టింది నేను. కొట్టి, ఆ తప్పు నీ మీద పెట్టాను."

బెర్నాడెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లొరెయిన్ అప్పుడు చెయ్యి చాపి, అతని అప్పంలోంచి గోటికొసంత ముక్క విరుచుకుంది.