కోల్‌డస్ట్ మీద గారెత్ అభిప్రాయం

గారెత్ ట్రెలోర్‌కి లోకంలో చాలా విషయాల మీద అభిప్రాయమే ఉండేది కాదు. ఎన్నికలొస్తే ఎవరికో ఒకరికి ఓటేసి, పోలింగు జరిగే బడి గేటు దగ్గర అమ్మే సాసేజ్ రొట్టె తిని ఇంటికొచ్చేవాడు. ఫుట్‌బాల్ మాటెత్తితే ఆవులించేవాడు. కామిక్ పుస్తకాలు, వాటిలోంచి పుట్టుకొచ్చిన వీడియో గేముల సంగతి వచ్చిందా, ఇక అతని నోటికి బ్రేకు ఉండేది కాదు. వులంగాంగ్ నుంచి సముద్రం అంచునే ఉత్తరానికి బస్సు నడపడం అతని ఉద్యోగం. సీటు పక్కన నీళ్ల సీసాతో పాటు ఏదో ఒక కామిక్ ఉండాల్సిందే.

చచ్చిన వీరుణ్ణి ఆరు నెలల్లో లేపి కూర్చోబెట్టే కథ కథే కాదనేవాడు. నాలుగేళ్లకోసారి మళ్లీ ఒకటో సంచిక అంటూ మొదలెట్టడం చదివేవాడి చెవిలో పువ్వు పెట్టడమేననేవాడు. సూపర్‌హీరో గేముల్లో ఊరు ఎంత పెద్దదైతే అంత ఖాళీగా ఉంటుందనీ, అందులో హీరోకి ఆకలెయ్యదనీ, చెప్పు తెగదనీ, అలాంటివాడు ఎవర్ని కాపాడితే మనకేమిటనీ వాదించేవాడు. కోరిమల్‌లో కామిక్ దుకాణం నడిపే డెస్ ఈ వాదనలన్నీ ఓపిగ్గా వినేవాడు. విని విని, తను నెలనెలా జిరాక్సు తీసి పంచే నాలుగు పేజీల పత్రికలో ఆఖరి పేజీ గారెత్‌కే వదిలేశాడు.

అన్నిటికంటే గారెత్ ప్రాణం పెట్టింది కోల్‌డస్ట్ మీద. బొగ్గు గని కూలినప్పుడు అందులో చిక్కుకుని, ధూళిగా మారే శక్తితో పైకొచ్చిన ఒక ఆడమనిషి కథ అది. ఏ సందులోంచైనా దూరిపోగలదు. ధూళిగా మారి తిరిగి మనిషైన ప్రతిసారీ ఒంట్లో కొంత తరిగిపోతుంది, దగ్గు పెరుగుతుంది. బొమ్మల వెనక కనిపించేవి ఇక్కడి కొండలే, ఇక్కడి ఉక్కు కర్మాగారం పొగగొట్టాలే. కథా, బొమ్మలూ ఒకరివే. ప్రతి అట్ట మీదా కింద మూలన సన్నటి సంతకం: ఎన్. హారో. ఆ మనిషిని ఎవరూ చూసినవాళ్లు లేరు. ఫొటోలు ఇచ్చేవాడు కాదు, సభలకి వచ్చేవాడు కాదు.

కోల్‌డస్ట్ ఎనభై మూడో సంచిక నుంచి బొమ్మలు పాడైపోయాయి. గీతలు వంకర్లు పోయాయి, ముఖాలు ఒక పేజీలో ఒకలా ఇంకో పేజీలో ఇంకోలా ఉన్నాయి. తొంభైయో సంచిక వచ్చిన నెలలో గారెత్ తన పేజీకి ‘నిద్రపోయిన చెయ్యి’ అని పేరు పెట్టి రాశాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు. మనసు విరిగి రాశాడు. నవ్వించేలా కూడా రాశాడు. ‘ఎన్. హారో గారి చెయ్యి నిద్రపోయి రెండేళ్లయింది. దాన్ని లేపకండి. దుప్పటి కప్పి దీపం ఆర్పేయండి’ అన్న వాక్యాన్ని జనం ఎత్తి రాసుకున్నారు. మెల్‌బోర్న్ నుంచి పెర్త్ దాకా అభిమానుల సైట్లన్నిటిలో అది తిరిగింది. మూడు నెలలకి తొంభై ఒకటో సంచిక వచ్చింది. కథ సగంలో ఉండగానే కోల్‌డస్ట్ ఆగిపోయింది.

అది జరిగి పద్నాలుగేళ్లు.

ఈ మధ్య మంగళ, గురువారాల్లో బుల్లై స్టాపు దగ్గర ఒక పెద్దావిడ అతని బస్సెక్కేది. పేరు నోలా పికరింగ్. డెబ్బై దాటిన మనిషి. కుడిచెయ్యి ఎప్పుడూ వణుకుతూ ఉండేది. టికెట్టు కార్డు మెషినుకి ఆనించడానికే ఆవిడకి మూడు నాలుగు సార్లు పట్టేది. గారెత్ తొందరపెట్టేవాడు కాదు. ఆవిడ కూర్చున్నాకే బస్సు కదిలించేవాడు. మూడో వారం నుంచి ఆవిడ ముందు సీట్లోనే కూర్చోవడం మొదలెట్టింది.

“ఏమయ్యా, ఆ పుస్తకం చదవడానికా, కాఫీ కప్పు పెట్టుకోడానికా?” అని అడిగింది ఒకరోజు.

“దీని మీద కప్పు పెట్టినవాణ్ణి బస్సులోంచి దింపేస్తానండీ.”

ఆవిడ పకపకా నవ్వింది. ఆ రోజునుంచి అదే వరస. ఎర్రదీపం పడ్డ చోటల్లా గారెత్ ఒక అభిప్రాయం చెప్పేవాడు, ఆవిడ ఒకటి తిప్పికొట్టేది.

“బొమ్మలేసేవాడు బద్ధకస్తుడో కాదో తెలియాలంటే ముఖాలు చూడకు. చేతులు చూడు. బద్ధకస్తుడి బొమ్మల్లో అందరి చేతులూ జేబుల్లోనే ఉంటాయి.”

“మీకివన్నీ ఎలా తెలుసండీ?”

“ఒకప్పుడు తెగ చదివేదాన్నిలే.”

ఆ ఫిబ్రవరిలో కోల్‌డస్ట్ వీడియో గేము వచ్చింది. ఎక్కడో విదేశీ కంపెనీ హక్కులు కొనుక్కుని చేసింది. గారెత్ రెండు రోజులు సెలవు పెట్టి మరీ ఆడి, గురువారం బస్సులో ఉడికిపోయాడు.

“ఎగురుతుందండీ! కోల్‌డస్ట్ ఎగరడమేంటి? తొంభై ఒక్క సంచికల్లో ఒక్కసారైనా ఎగిరిందా? దగ్గు తీసేశారు. దగ్గు తీసేస్తే ఆవిడలో ఇంకేం మిగుల్తుంది? ఊరంతా తిరిగి రెండొందల బొగ్గు ముక్కలు ఏరుకోవాలట. మెరిసే బొగ్గు ముక్కలు!”

“మెరుస్తాయా?” అంది నోలా. చాలాసేపు నవ్వింది. “చూడాలయ్యా దాన్ని. మా ఇంట్లో టీవీ ఉందిగా, ఎప్పుడైనా పట్టుకురా. నేనెక్కే స్టాపు పక్క సందులో పచ్చ గేటు ఇల్లు.”

“శనివారం తెస్తా. ఎంతైనా గేము వాళ్లు పరాయివాళ్లు, వాళ్లకేం తెలుస్తుంది? ఆ హారోగారే చివర్లో చేతులెత్తేశాడు. అప్పట్లో నేను రాసిన వ్యాసం చదివారా మీరు? ‘నిద్రపోయిన చెయ్యి’ అని. గారెత్ టి. అంటే నేనే.”

ఎర్రదీపం పొడుగ్గా పడింది. గారెత్‌కి ఆ వ్యాసం నోటికి వచ్చు. దుప్పటి, దీపం, అంతా రాగయుక్తంగా అప్పజెప్పాడు. వెనక సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు నవ్వారు కూడా.

నోలా కిటికీ వైపు తిరిగింది. తన స్టాపులో దిగేటప్పుడు ఎన్నడూ థాంక్సు చెప్పకుండా దిగని మనిషి, ఆ రోజు రెయిలింగు పట్టుకుని, మెల్లగా మెట్లు దిగి, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయింది.

ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు గారెత్. శనివారం గేము పెట్టె సంచిలో వేసుకుని, లామింగ్టన్ కేకులు ఓ అరడజను కొనుక్కుని పచ్చ గేటు తీశాడు.

నోలా తలుపు తీసి, అతని చేతిలో పెట్టె చూసి, “రా” అంది.

ముందుగది గోడకి మూడు బొమ్మలు ఫ్రేము కట్టి ఉన్నాయి. సిరాతో గీసిన అసలు పేజీలు. దిద్దుళ్ల మీద తెల్లరంగు పూత కూడా కనిపిస్తోంది. కోల్‌డస్ట్ మొదటి సంచిక అట్ట. కింద మూలన సన్నటి సంతకం. కిటికీ పక్కన వాలుబల్ల ఉంది, దాని మీద మందుల డబ్బాలున్నాయి.

గారెత్ చేతిలో లామింగ్టన్ల పెట్టె అలాగే ఉండిపోయింది.

“హారో మా పుట్టింటి పేరు. ఆడది గీసిందంటే అప్పట్లో ఎవరూ కొనేవాళ్లు కాదని ఎన్. అని మాత్రం పెట్టాను. తరవాత మార్చబుద్ధి కాలేదు” అంది నోలా.

“నోలాగారూ, నేను...”

“కూర్చో. నిలబడి మాట్లాడితే నా మెడ నొప్పెడుతుంది.”

కూర్చున్నాడు.

“నువ్వు రాసింది అచ్చయిన వారంలోనే చదివాను. మా ఆయన దాన్ని గరాజులో పెయింటు డబ్బాల వెనక దాచాడు, పాపం. నాకు దొరికింది. అయిదుసార్లు చదివాను. గీత వంకర అన్నావు, నిజమే. ముఖాలు కుదర్లేదన్నావు, అదీ నిజమే. చెయ్యి నిద్రపోయిందన్నావు చూడు, అదొక్కటే తప్పు. నిద్రపోతే బాగుండేది. అసలు నిద్రే పోదు ఇది.” ఒళ్లో వణుకుతున్న చేతిని ఎవరిదో అన్నట్టు చూసింది. “ఎనభై మూడు నుంచి ఎడంచేత్తో గీశాను. ఒక్కో పేజీకి నాలుగు రోజులు.”

“నాకు తెలీదండీ. ఒట్టు, నాకు తెలీదు.”

“నీకెలా తెలుస్తుంది? నేనెవరికీ చెప్పలేదుగా. అచ్చువేసేవాళ్లు ఓపిక పడతామనే అన్నారు. ఇంకో పన్నెండు సంచికలుంటే కథ అయిపోయేది. అన్నీ కాయితాల మీద పెట్టుకున్నాను. తొంభై ఒకటి అప్పటికే గీసి ఇచ్చేశాను. నీ వ్యాసం చదివాక బల్ల దగ్గర కూర్చుంటే ఎడంచెయ్యి కూడా కదల్లేదు. దానికేం జబ్బు లేదు మరి.”

గారెత్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. నలభై నాలుగేళ్ల మగవాడు ముఖం కప్పుకుని వెక్కుతుంటే నోలా ఓదార్చలేదు, కసురుకోనూ లేదు. కాసేపయ్యాక, “ఏదీ, ఆ ఎగిరే పిల్లని చూపించు” అంది.

అతను టీవీకి తీగలు తగిలించాడు. ఆవిడ వేళ్లు గేము కంట్రోలరు మీద నిలవలేదు. అతనే ఆడాడు. గేములో వాన పడుతోంది, పెంకుల మీంచి నీళ్లు కారుతున్నాయి, కోల్‌డస్ట్ కర్మాగారం మీంచి ఎగురుతోంది. నోలా ముందుకి వంగి చూసింది.

“వాన బాగా చేశారు. నాకెప్పుడూ కుదిరేది కాదు వాన” అంది. ఇంకాసేపాగి, “నడక తప్పు. భుజం మీద ముప్పై ఏళ్లు పార మోసిన మనిషి అలా నడవదు. ఇదెవరో మరి, అది కాదు” అంది.

గంటసేపు అలా చూశారు. లామింగ్టన్లు ఎవరూ ముట్టలేదు. లేచేముందు గారెత్ ఉండబట్టలేక అడిగాడు.

“ఆ పన్నెండు సంచికల్లో ఏం జరిగేదండీ?”

నోలా అతని వైపు తిరిగింది. “ఆ కాయితాలు కాల్చేశాను. ఏం జరిగేదో గుర్తుంది. చెప్తే నాలుగు ముక్కలు. అది నీకివ్వను, గారెత్.”

అతను తలూపాడు.

“బస్సులో నీతో మాట్లాడటం బాగుండేది. నా పుస్తకం మీద అంత ప్రేమున్నవాడు ఉన్నాడా అనుకున్నాను. ఆ వ్యాసం రాసినవాడూ నువ్వూ ఒకటేనని తెలిశాక మాట్లాడటం నాకు చేతకావటం లేదు. మళ్లీ రాకు. నా మీద ఇంకేం రాయకు కూడా. మంచీ వద్దు, చెడూ వద్దు.”

“సరేనండీ” అన్నాడు గారెత్.

తరవాత ఆవిడ బస్సెక్కడం మానేసింది. అరగంట ముందు బస్సుకి వెళ్తోందని ఆ డ్రైవరే చెప్పాడు. గారెత్ మాట తప్పలేదు. డెస్ గేము మీద పేజీ రాయమని రెండుసార్లు అడిగాడు.

“ఏంట్రా, నీ నోరు పడిపోయిందా? జనం అడుగుతున్నారు.”

“ఇంక రాయనురా. ఆ పేజీ ఇంకెవరికైనా ఇచ్చెయ్.”

ఇక్కడ చలికాలమైన జులైలో ఒక పొద్దున స్థానిక పేపర్లో మూడు వరుసల ప్రకటన పడింది. నోలా జోన్ పికరింగ్, నిద్రలోనే పోయింది. హారో అన్న మాట అందులో లేదు.

రావద్దన్నది ఇంటికి కదా అని తనకి తానే చెప్పుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గారెత్ శ్మశానం పక్క చాపెల్‌కి వెళ్లాడు. లెక్కపెడితే పదకొండు మంది. అడిలైడ్ నుంచి వచ్చిన మేనకోడలు మాట్లాడింది. అత్తయ్య గులాబీలు బాగా పెంచేదనీ, బొమ్మలు గీయడం సరదా అనీ చెప్పింది. కర్మ జరిపించే ఆవిడ, ఇంకెవరైనా రెండు మాటలు చెప్తారా అని అడిగింది. ఎవరూ కదల్లేదు. గారెత్ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో లేచాక గాని తెలియలేదు.

“నేను బస్సు డ్రైవర్నండీ. నోలాగారు బొమ్మలేసేవారు. సరదాకి కాదు. ఇరవై మూడేళ్లు తొంభై ఒక్క పుస్తకాలు వేశారు. ఇరవై ఆరో పుస్తకంలో ఒక పేజీ ఉంది. గనిలో ఆరుగురు పోతారు, కోల్‌డస్ట్ వాళ్లని కాపాడలేకపోతుంది. ఆ పేజీలో తొమ్మిది బొమ్మలు, మాటలు లేవు. ఆవిడ సైరన్ స్తంభం మీద కూర్చుంటుంది, అంతే. కూర్చుని, సంచిలోంచి సాండ్‌విచ్ తీసి తింటుంది. ఎందుకంటే ఆకలేస్తుంది.”

జనం అతన్నే చూస్తున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని అతనికి తెలుస్తూనే ఉంది.

“మా నాన్న పోయిన ఏడు అది వచ్చింది. నాకు పన్నెండేళ్లు. నాన్నని పూడ్చిపెట్టి వచ్చి నేను మాంసం కూరిన రొట్టెలు రెండు తిన్నాను. మా చిన్నాన్న చూసి, ‘ఏం కొడుకువిరా నువ్వు’ అన్నాడు. నేను చెడ్డవాణ్ణనుకున్నాను. తరవాత ఈ పేజీ చూశాను. ఏడుస్తూ కూడా ఆకలెయ్యొచ్చని నాకు చెప్పింది నోలాగారే. ఇంకెవరూ చెప్పలేదు. నేను ఇన్నేళ్లలో నూట నలభై వ్యాసాలు రాశాను. ఈ సంగతి ఒక్కదాంట్లోనూ రాయలేదు. నవ్వుతారేమోనని. ఆవిడకీ చెప్పలేదు. వారానికి రెండుసార్లు నా పక్కనే కూర్చునేది, చెప్పలేదు.”

అంతే చెప్పి కూర్చున్నాడు.

బయట టీ పోస్తుంటే మేనకోడలు దగ్గరికొచ్చింది.

“ఆ పుస్తకాల సంగతి మాకెవరికీ తెలీదండీ. అత్తయ్య ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు ఆపేసింది మరి?”

ఆమె మామూలుగానే అడిగింది. గారెత్ టీ కప్పు సాసరు మీద పెట్టాడు.

“నా వల్లనండీ” అన్నాడు.

ఆమె ఇంకేదో అడగబోయింది గానీ ఎవరో పిలిస్తే అటు వెళ్లింది. గారెత్ కారు దాకా నడిచాడు. తాళంచెవి తిప్పకుండా అక్కడే కూర్చున్నాడు. చాపెల్ ముందు కుర్చీలు లోపలికి మోస్తున్నారు. మధ్యాహ్నం డ్యూటీకి ఇంకా రెండు గంటలుంది.