అనార్ వచ్చే ఊరు

మా సాల్తనత్‌కి వచ్చిన మార్కులు చూసి నరీన్ ఊరు ఊరంతా సలహాలకి దిగింది. బిష్కెక్ పంపమని ఒకరు, సరిహద్దు దాటించి అల్మాటీ పంపితేనే బాగుపడుతుందని ఒకరు, ఓష్‌లో ఖర్చు తక్కువ, మర్యాద ఎక్కువ అని ఇంకొకరు. ఊరికే వచ్చే సలహాలకి కొదవేముంది! అందరూ చెప్పిందీ విని నా చెల్లెలి కూతురు ఒక్క మాటలో తేల్చేసింది.

"నేనెక్కడికీ వెళ్ళను పెద్దమ్మా. అమ్మ రాని ఊళ్ళో నేనుండను."

అమ్మంటే నా చెల్లెలు అనార్. పోయి మూడేళ్ళయింది. బిష్కెక్ వెళ్తుంటే డోలోన్ కనుమ మీద బండి మంచులో జారి లోయలో పడింది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని "దాన్ని చదివించక్కా" అంది. అదే ఆఖరి మాట. అప్పట్నుంచీ ఆ మాట నా మెడకి వేలాడుతోంది.

ప్రతి గురువారం పొద్దుగూకే వేళకి మేము నూనె కాచి, పిండి ముక్కలు వేయించి, పోయినవాళ్ళకి వాసన చూపిస్తాం. ఆ వాసన పట్టుకుని వాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. స్కూలు కాంటీన్‌లో జీవితమంతా వండిన చెయ్యి నాది. ఆ పిండి ముక్కల్నే బూర్సోక్ అంటాం, అవి వేయించడం నాకొకరు నేర్పక్కర్లేదు. అనార్ పేరు చెప్పి దువా చదివి, దాని గిన్నెలో టీ పోసి పెడతాను. ఆ టీ బతికున్నవాళ్ళు ముట్టకూడదు. తెల్లారాక వాకిట్లో చెట్టు మొదట్లో పోసేస్తాను.

నూనె కాగిన కాసేపటికి గడప దగ్గర చప్పుడవుతుంది. బూట్లకంటిన మంచు దులుపుకునే చప్పుడు. ఎడమ కాలు, కుడి కాలు, కాస్త ఆగి మళ్ళీ ఎడమ కాలు. అనార్ ఎడమ బూటు అడుగు పగిలి ఉండేది, ఆ పగులులో మంచు ఇరుక్కునేది. కొత్తవి కొనుక్కోవే అంటే, "వచ్చే ఏడు చూద్దాంలే అక్కా" అనేది. మొదటిసారి ఆ చప్పుడు విన్నది జూన్ నెలలో. వాకిట్లో దుమ్ము తప్ప మంచన్న మాటే లేదు. నా పై ప్రాణం పైనే పోయింది. సాల్తనత్ మాత్రం "అమ్మొచ్చింది" అని గిన్నె కొంచెం ముందుకి జరిపింది, అంతే.

తర్వాత నాకూ అలవాటైపోయింది. మొగుడు పోయినదాన్ని, పిల్లల్లేనిదాన్ని. నిజం చెప్పొద్దూ, వారమంతా ఆ చప్పుడు కోసమే ఎదురుచూసేదాన్ని.

అయినా ఇదేం మొండితనం! "బంగారం లాంటి మార్కులు తెచ్చుకుని గడపకి కాపలా కాస్తావుటే?" అని అరిచాను. నాలుగు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. చివరికి నేనే దిగొచ్చాను. "మూడు ఊళ్ళూ చూద్దాం. ఒక్కో ఊళ్ళో ఒక్కో గురువారం ఉందాం. మీ అమ్మ ఏ ఊరొస్తే ఆ ఊళ్ళో చేరు."

"ఎక్కడికీ రాకపోతే?"

"ఇంటికొచ్చేద్దాం. ఇంక చదువు మాటెత్తను." అనేశాను గానీ, అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాను.

నా ఇనప మూకుడు గుడ్డలో చుట్టుకుని బయల్దేరాం. కాళ్ళకి బలపం కట్టుకుని తిరగడమంటే ఏమిటో ఆ జులైలో తెలిసింది.

ముందు ఓష్. కొండ కింద పాత వీధిలో ముకద్దస్ అనే ఉజ్బెక్ ఆవిడ ఇంట్లో గది తీసుకున్నాం. ఇంకా సంచీ కింద పెట్టలేదు, పక్కింటావిడ పుచ్చకాయ పట్టుకొచ్చి మా ఏడు తరాలూ అడిగేసింది.

"మీ నరీన్‌లో తొమ్మిది నెలలు చలికాలం, మిగతా మూడు నెలలూ చలేనటగా?" అని ముకద్దస్ నవ్వింది.

"అందుకే మా ఊళ్ళో మాంసమూ పాడవదు, మనుషులూ పాడవరు" అన్నాను.

ఆ వీధి నాకు నచ్చింది. ఆడపిల్ల చీకటి పడి వచ్చినా ఎవరింట్లోంచి వచ్చిందో పదిమందికి తెలిసే వీధి. సాల్తనత్‌కి అదే నచ్చలేదు. యూనివర్సిటీ కూడా నడిచి వెళ్ళేంత దూరమే. ఆఫీసులో ఉన్నాయన టీ ఇచ్చి మరీ మాట్లాడాడు. కానీ మా పిల్ల చదవాలనుకున్నది మంచుకొండల చదువు, దానికి అక్కడున్నది ఒక గది, ఒక ముసలి మేష్టారు. ఆయనకేమో మోకాళ్ళ నొప్పులు.

గురువారం నూనె పెట్టాను. నేనే కాదు, వీధిలో ప్రతి ఇంట్లోనూ పెట్టారు. వాసన మేఘంలా కమ్ముకుంది. ఇద్దరం గడప వైపే చూస్తూ కూర్చున్నాం. బూర్సోక్ చల్లారిపోయాయి.

"ఇంతమంది వేయిస్తుంటే పాపం ఏ ఇల్లని వెతుక్కుంటుందమ్మా" అంది ముకద్దస్, సాల్తనత్ తల నిమురుతూ. వెటకారంగా అనలేదు, నిజంగానే అంది.

తర్వాత అల్మాటీ. ఊరు కొండవాలు మీద ఉంది. డబ్బున్నవాళ్ళు పై వీధులకి పాకారు, లేనివాళ్ళు కిందే మిగిలారు. మేము మధ్యలో, తొమ్మిదో అంతస్తులో ఒక గది తీసుకున్నాం. కింద తలుపు తెరవాలంటే అంకెలు నొక్కాలి. లిఫ్టులో పక్కవాడు మన మొహం చూడడు. "చావైనా బతుకైనా ఇక్కడ అంకెలుండాలే" అన్నాను. అది నవ్వలేదు.

కానీ యూనివర్సిటీ! చెప్పకపోతే పాపం తగులుతుంది. అద్దాల లైబ్రరీ, ఏ అంతస్తు చూసినా పుస్తకాలే. కొండ మీంచి తవ్వి తెచ్చిన మంచు కడ్డీలు దాచిన చలిగది కూడా చూపించారు. మా పిల్ల పుట్టకముందు కురిసిన మంచుట. సాల్తనత్ దాని ముందు నిలబడిపోయింది. మూడేళ్ళలో దాని మొహంలో ఆ వెలుగు చూడటం అదే మొదలు. యా అల్లా, ఇక్కడికి రావే అనార్, ఈ ఒక్కసారికి ఇక్కడికి రా అని లోపల్లోపల మొక్కుకున్నాను.

గురువారం నూనె కాగింది. తలుపు దగ్గర చప్పుడైంది. సాల్తనత్ కుర్చీ పడేసుకుంటూ పరిగెత్తి తలుపు తీసింది. పక్క ఫ్లాటు పిల్ల, చేతిలో ఫోను.

"ఆంటీ, మీ ఇంట్లోంచి నూనె వాసన వస్తోంది."

"రావాలనే కదమ్మా వేయిస్తోంది!" అని కసిరాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది.

తలుపు వేసి సాల్తనత్ మెల్లగా అంది: "ఇక్కడ చదువు బాగుంది పెద్దమ్మా. అమ్మకి దారి లేదు."

మిగిలింది బిష్కెక్. పాత మైక్రో జిల్లాలో, అంటే సోవియట్ కాలం నాటి ఫ్లాట్ల పేటలో, గలీనా పావ్లోవ్నా అనే రష్యన్ ముసలావిడ ఇంట్లో గది. రోడ్డు పక్కన కాలవలో కొండనీళ్ళు పారుతున్నాయి, మెట్ల ముందు బెంచీ మీద ముసలమ్మలు వచ్చేపోయేవాళ్ళకి పేర్లు పెడుతున్నారు. ఓష్ అంత చనువూ లేదు, అల్మాటీ అంత మౌనమూ లేదు. యూనివర్సిటీ మెట్లు పగిలి ఉన్నాయి, గోడలకి పెచ్చులూడుతున్నాయి. కానీ ఆ చదువు చెప్పే శాఖ పెద్దావిడ ప్రతి వేసవీ పిల్లల్ని మంచుకొండల మీదికి తీసుకెళ్తుందిట.

"చలంటే భయమా?" అని అడిగిందావిడ.

"మాది నరీనండీ" అంది సాల్తనత్.

"అయితే నేనడక్కూడదు" అని ఆవిడ నవ్వింది. ఇదీ నవ్వింది.

గలీనా మాత్రం ముందే చెప్పేసింది. "పిల్ల ఇక్కడ ఉండాలంటే ఈ చిరునామా మీద నమోదు చేయించాలి. నరీన్‌లో పేరు కొట్టేయించుకుని రండి. ఒక మనిషికి ఒకటే చిరునామా. రెండు చోట్ల కుదరదు."

"మరి చచ్చినవాళ్ళకి?" అని నేను వేళాకోళానికి అడిగాను.

"వాళ్ళకి మాత్రం రెండెందుకమ్మా?" అందావిడ.

గురువారం వచ్చింది. మూకుడు పెట్టాను, పేరు చెప్పాను, టీ పోశాను. వంటింట్లో చిన్న కిటికీ తీసి ఉంచాను. బయట పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. ఎంతసేపు కూర్చున్నా ఏమీ లేదు. సాల్తనత్ లేచి బట్టలు సంచీలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు.

"ఇంటికెళ్ళిపోదాం పెద్దమ్మా. మాటిచ్చావుగా."

ఈ పిల్ల జీవితమంతా నా వంటింట్లో కూర్చుని గడప వైపు చూస్తుంది. చచ్చిన చెల్లెలికి నేనేం జవాబు చెప్పుకోను? చెత్త పారేసొస్తానని బాల్చీ పట్టుకుని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. మెట్ల మీద ఎవరూ లేరు. నా చెప్పులు మందపాటివి. చేస్తున్నది మోసమని తెలుసు, అయినా దేవుడు క్షమిస్తాడులే అనుకున్నాను. గడప మీద ఎడమ కాలు గట్టిగా కొట్టాను. కుడి కాలు కొట్టాను. కాస్త ఆగి, ఎడమ కాలు మళ్ళీ పైకెత్తాను.

నా కాలు ఇంకా గాల్లోనే ఉంది. మూడో చప్పుడు వినిపించింది.

నా పక్కనే వినిపించింది. నా చీలమండకి చల్లగా తగిలింది. కిందకి చూస్తే సిమెంటు గచ్చు మీద వేలెడంత తడి. చూస్తుండగానే ఇంకిపోయింది. బాల్చీ చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. ఆ రోజు అనార్ బయల్దేరింది ఈ ఊరికేగా. కనుమ దాటి ఇప్పటికి చేరిందేమో.

ఎలా లోపలికొచ్చానో నాకు తెలీదు. సాల్తనత్ సంచీ వదిలేసి నా మొహంలోకే చూస్తోంది.

"మొదటి రెండూ నీవే పెద్దమ్మా. నీ అడుగు నాకు తెలీదా?"

నేను వెనక్కి తిరిగి తలుపు మూశాను.

"మూడోది నీది కాదు."

"కాదు" అన్నాను.

అది టీ గిన్నెని కొంచెం ముందుకి జరిపింది. అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా. నేనూ ఏడ్చాను. గలీనా పావ్లోవ్నా తొంగి చూసి, ఏమీ అడక్కుండా మంచినీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్లో సాల్తనత్‌ని అక్కడ చేర్పించాను. నరీన్‌లో పేరు కొట్టేయించాను. చెల్లెలికిచ్చిన మాట నిలబెట్టుకున్నానని బజారంతా చెప్పుకుని తిరిగాను.

ఇంటికొచ్చాక మొదటి గురువారం ఒక్కదాన్నే నూనె పెట్టాను. బూర్సోక్ పొంగాయి, టీ చల్లారింది, గడప మాత్రం పలకలేదు. దారిలో ఆలస్యమైందేమో అనుకున్నాను. తర్వాతి గురువారమూ లేదు. అక్టోబర్లో నిజం మంచే పడింది; వాకిట్లో మోకాలి లోతు. పొరుగువాడు బూట్లు దులుపుకుని లోపలికొస్తే లేచి నిలబడి, అతన్ని చూసి మళ్ళీ కూలబడ్డాను. ఒక మనిషికి ఒకటే చిరునామా అని ఆ ముసలమ్మ చెప్తూనే ఉంది. నాకే బుర్రకెక్కలేదు.

ఆ మరుసటి గురువారం సాల్తనత్ ఫోను చేసింది. వెనక నూనె చిటపటలు వినిపిస్తున్నాయి.

"పెద్దమ్మా, ఇక్కడ ప్రతి వారం వస్తోంది. అక్కడికీ వస్తోందా?"

"రాకేం? వస్తోంది" అన్నాను. "నీకు పిండి సరిగా కుదురుతోందా లేదా, అది చెప్పు."

"నీ అంత బాగా కుదరదులే."

"సరే గానీ, ఆ ఫోను ఒక్కసారి గడప దగ్గర పెట్టవే. మీ తలుపు కిర్రుమంటోందన్నావుగా, వింటాను."

పెట్టింది. ఎడమ కాలు. కుడి కాలు. కాస్త ఆగి మళ్ళీ ఎడమ కాలు. అనార్, ఇంకా ఆ పగిలిన బూట్లేనుటే?

"విన్నావా పెద్దమ్మా?"

"వినడానికేముంది? బందులకి కాస్త నూనె రాయి" అని పెట్టేశాను.

బూర్సోక్ మూట కట్టి పొరుగింటికిచ్చాను. అనార్ గిన్నెలో టీ ఇంకా పొగలు కక్కుతోంది. ఈసారి చెట్టు మొదట్లో పొయ్యలేదు. గడప వైపు వీపు పెట్టి కూర్చుని, నేనే తాగేశాను.