రెండు నొక్కుల మధ్య

ఎడమ పక్కన పాత కంప్యూటరు, కుడి పక్కన కొత్తది. పాతదాంట్లో ఒక విండో తెరిచి మూసింది. కొత్తదాంట్లోనూ అదే తెరిచి మూసింది. నీడ ఎక్కడ పడుతోంది, మూలలు అంతే గుండ్రంగా ఉన్నాయా, మూసేటప్పుడు వచ్చే చప్పుడు ఒకటేనా అని కళ్ళు చికిలించి చూసి, తనలో తాను తలాడించి, తరువాతి దానికి వెళ్ళింది. పొద్దున్నుంచీ ఇదే పని. పొద్దున్నుంచి ఏమిటి, ఏళ్ళ తరబడి ఇదే పని. ఆఫీసులో ఆవిడను పోలికలావిడ అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది.

సన్నగా, భుజాలు కొంచెం ముందుకు వాలిన మనిషి. కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతుంటాయి. కుడి అరచేతి మొదలు బల్ల అంచుకు రాసుకుని రాసుకుని కాయ కాసింది.

కంప్యూటర్లలో ప్రాసెసరు మారుతోంది. కొత్తదానికి పాతదాని భాష ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని తెర మీద గడియారం నుంచి చెత్తబుట్ట బొమ్మ దాకా సమస్తాన్నీ దాని భాషలోకి మార్చి చెప్పాలి. ఆ మార్చేవాళ్ళు వేరే ఉన్నారు, అంతా కుర్రవాళ్ళు, చురుకైనవాళ్ళు. వాళ్ళ పని అయ్యాక పోలికలావిడ పని మొదలవుతుంది. ఇంత తతంగం జరిగిందని కొనుక్కున్నవాళ్ళకు తెలియకూడదు. తెలిసిందా, ఆవిడ పని సరిగ్గా చెయ్యలేదన్నమాట. తెలియలేదా, అలాంటి మనిషి ఒకావిడ ఉందనే ఎవరికీ తెలియదు. ఈ ఉద్యోగానికి మెచ్చుకోలు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి!

ఆ సాయంత్రంతో సిస్టం మూత పడుతుంది. ఆ తరువాత ఎవరూ ఏమీ మార్చడానికి లేదు, కొత్త కంప్యూటర్లలోకి ఎక్కించి పంపెయ్యడమే. అలాంటి రోజున కళ్ళలో వత్తులు వేసుకుని చూడాల్సింది పోయి, ఆవిడ మనసు ఇంటి దగ్గర ఉంది.

ఇంట్లో ఉన్నది వదిన, పోయిన భర్తకు అక్క. ఆయన పోయాక ఇద్దరాడవాళ్ళూ ఒకే ఇంట్లో ఉండిపోయారు. ఎవరి దగ్గర ఎవరుంటున్నారన్నది ఇంతవరకూ తేలలేదు. కుళాయి కారినప్పుడు మాత్రం "ఇల్లు నాది కాదుగా" అని ఒకరికొకరు అంటగట్టుకుంటారు. వదిన ఒకప్పుడు టైపు నేర్పేది. గదినిండా మిషన్లు టకటకలాడుతుంటే, తల తిప్పకుండానే ఎవరి చిటికెన వేలు బద్ధకిస్తోందో చెప్పేదట. టైపు మిషన్లు పోయాయి, స్కూలూ పోయింది. తరువాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వదిన దిగులుపడుతూ కూర్చునే రకం కాదు. మౌసును కీబోర్డుకు ఎడమ పక్కకు లాక్కుంది. వేలు జారకుండా దాని మీద చిన్న గుడ్డపట్టీ అంటించుకుంది. రోజూ మధ్యాహ్నం కంప్యూటర్లో పేకాట ఆడుకునేది. గెలిస్తే సాయంత్రం మరదలు చెప్పులు విప్పకముందే చెప్పేది.

కొత్త కంప్యూటరు ఒకటి ఇంట్లో వాడి చూడమని ఆఫీసువాళ్ళు ఇచ్చారు. అది వచ్చిన దగ్గర్నుంచి వదిన ఆట మానేసింది. ఏమంటే విసుగొచ్చిందన్నది. ఆ పొద్దున పోలికలావిడ బయలుదేరబోతూ చూస్తే, వదిన తెర ముందు కూర్చుని, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూసుకుంటోంది.

"ఇదీ పోయిందే అమ్మాయ్," అన్నది, పాలు అయిపోయాయన్నంత మామూలుగా. "రెండోసారి నొక్కేలోపే ఆ పెట్టెకు తొందర."

ఆ మాట ఆఫీసు దాకా వెంట వచ్చింది. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి, తినకుండానే పక్కన పెట్టింది. ఏం తోచిందో, మౌసును ఎడమచేతికి మార్చుకుంది. పాత కంప్యూటరు మీద, అచ్చం వదిన నొక్కినట్టు నొక్కింది. ఒకసారి నొక్కి, వేలు ఎత్తి, ఆగి, మళ్ళీ నొక్కింది. ఫైలు తెరుచుకుంది. కొత్తదాని మీద అలాగే నొక్కింది. బెల్లంకొట్టిన రాయిలా ఉలకదు పలకదు.

పోలికలావిడ మౌసు వదిలేసింది. వదిన చెయ్యి పోలేదు! ఆవిడ ఇన్నాళ్ళూ లోపల్లోపల కుమిలింది ఈ పెట్టె చేసిన పనికి. ఆ పెట్టె బాగుందని చెప్పిందెవరు? తనే. తన చురుకైన వేళ్ళతో టకటకా నొక్కేసి, రెండూ ఒకటేనని రాసేసింది. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

ఆ మార్చేవాళ్ళకు పెద్దగా ఉండే లీడ్ దగ్గరికి వెళ్ళింది. కుర్రవాడు, గడ్డం గీసుకునే తీరిక లేక మొహమంతా మాసి ఉంది. అంత నెమ్మదిగా ఎవరు నొక్కుతారక్కా అన్నాడు. కావాలంటే రెండు నొక్కుల మధ్య గడువు పెంచుకోవడానికి సెట్టింగు ఉందిగా అన్నాడు. ఆవిడ వాదించలేదు. కొత్త కంప్యూటరు మౌసు తీసి అతని ఎడమచేతి కింద పెట్టింది.

"ఆ సెట్టింగేదో తెరువు నాయనా. నెమ్మదిగా."

అతను నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారికి తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. గడువు పెంచుకోవాలంటే ఆ గడువులోనే రెండుసార్లు నొక్కాలి మరి! తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసినట్టుందక్కా అన్నాడు. నేనూ చూసుకోలేదు కదా, నువ్వొక్కడివే నవ్వుకోకు, అన్నది ఆవిడ.

వెతికితే కారణం దొరికింది. ఎప్పుడో ఎవరో మహానుభావుడు గడియారం చూసే బదులు, ప్రాసెసరు అంకెలు లెక్కపెట్టి ఆగేలా రాశాడు. కొత్త ప్రాసెసరు ఆ అంకెలు చిటికెలో లెక్కపెట్టేస్తోంది. లీడ్ దాన్ని గడియారానికి ముడిపెట్టాడు. మూత వెయ్యడం కాస్త ఆలస్యమైంది. గొణిగినవాళ్ళు గొణిగారు. పోలికలావిడ రెండు కంప్యూటర్లనూ ఎడమచేత్తో నొక్కి చూసింది. ఈసారి నిజంగానే రెండూ ఒకటి.

మెట్ల దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. తప్పు మీ చేతిది కాదు వదినా, మా పెట్టెది, వస్తూ బాగుచేసింది తెస్తున్నానని చెప్పింది.

"అయ్యో, ఊరికే తిట్టుకున్నానే ఈ చేతిని," అన్నది వదిన. గొంతు తేలికపడింది.

ఆ గొంతు విన్నాక పోలికలావిడ కాళ్ళు నేల మీద ఆగలేదు. ఇంటికి రాగానే, సంచి కూడా దించకుండా బాగుచేసిన సిస్టం ఎక్కించింది. వదిన జుట్టు దువ్వుకుని, ఎక్కడికో బయలుదేరినట్టు తయారై కూర్చుంది. గుడ్డపట్టీ మీద వేలు పెట్టింది. నొక్కింది. వేలు లేచింది, గాలిలో కొంచెం వణికింది, దిగింది.

పేకాట తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. లేదు.

పోలికలావిడ ఆ వేలివంక చూసింది. తప్పు పెట్టెది, నిజమే. కానీ చెయ్యి కూడా వెనకబడింది. ఈ రెండూ ఒకేసారి నిజమవుతాయని ఆవిడకు తట్టనే లేదు.

"ఇంకా పూర్తిగా ఎక్కలేదు వదినా. మీరు వెళ్ళి టీ పెట్టుకోండి, ఈలోపు అయిపోతుంది."

వదిన లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఉద్యోగంలో ఏనాడూ లేనిది ఉన్నట్టు రాయని మనిషి, గబగబా సెట్టింగు తెరిచి, గడువును చివరంటా లాగి మూసేసింది. వదిన వచ్చి కూర్చుంది. టిక్కు. వేలు లేచింది, వణికింది, దిగింది. టిక్కు. పేకముక్కలు తెరంతా పరుచుకున్నాయి.

వదిన వాటిని చూడలేదు. మరదలి మొహం చూసింది.

"ఎంత లాగావు?"

"ఏం లాగడం వదినా?"

"నాకు పోయింది చెయ్యే, చెవులు కాదు. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం వినడమే కదటే నా ఉద్యోగం."

పోలికలావిడ తలవంచుకుంది. "చివరిదాకా," అన్నది.

"ఇంకా లాగడానికి ఉందా?"

"లేదు వదినా."

"పోనీలే. ఉన్నంతవరకు ఆడదాం," అని తెరవైపు తిరిగింది వదిన.

పోలికలావిడ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుని, కూరలు తరగడం మొదలుపెట్టింది. ముందుగదిలోంచి చప్పుడు వస్తూనే ఉంది. టిక్కు, కొంచెం ఆగి టిక్కు. మధ్యలో ఒకసారి వదిన నవ్వు, ఏ రాణో చిక్కినట్టుంది. చాలా రోజులకు ఇల్లు ఇల్లులా అనిపించింది. పొయ్యి తగ్గించి, పళ్ళేలు కడిగింది. చప్పుడు ఆగింది. ఆలోచిస్తున్నారు కాబోలు, తొందరపెట్టకూడదనుకుంది.

వడ్డించి పిలిచింది. వదిన పలకలేదు. వచ్చి చూస్తే, కుర్చీ వీపుకు తల ఆనించి, కునుకు పట్టినట్టే ఉంది. చెయ్యి మౌసు మీదే ఉంది. ఒకసారి నొక్కిన పేకముక్క రంగు మారి, రెండో నొక్కు కోసం చూస్తోంది. పోలికలావిడ ఆ చెయ్యి పట్టుకుని కింద కూలబడి, చాలాసేపు ఏడ్చింది.

కొత్త సిస్టం జనంలోకి వెళ్ళింది. ఏదో మారిందని ఎవరూ అనలేదు. కొన్నాళ్ళకు ఆఫీసువాళ్ళు వచ్చి తమ కంప్యూటరు పట్టుకుపోయారు. మౌసు ఇంటిదేనని ఆవిడ ఉంచేసుకుంది. ఖాళీ బల్ల మీద, గుడ్డపట్టీతో, అది ఎడమ పక్కనే ఉంది.